డీఎన్‌ఏ ప్యాకేజింగ్‌లో క్యాప్సిడ్ ప్రోటీన్ల పాత్ర: మీ ప్రశ్నకు ఏ వైరస్ సరిపోతుంది?

మాలిక్యులర్ బయాలజీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో అంశం వెతుక్కునేవారిలో కొందరు, వైరస్ తన డీఎన్‌ఏను క్యాప్సిడ్‌లోకి, అంటే ప్రోటీన్ గుల్లలోకి, ఎలా నింపుకుంటుందన్న ప్రశ్న దగ్గర ఆగుతారు. ప్రశ్న మంచిదే కానీ, దాన్ని ఏ వైరస్ మీద అడగాలన్న దగ్గరే చిక్కు వస్తుంది. సమీక్షా వ్యాసాలు తిరగేస్తే ఫై29, లాంబ్డా, పీ22, టీ4 అనే ఫేజ్‌లు (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లు), హెర్పిస్ వైరస్‌లు అన్నీ ఒకే యంత్రాంగానికి ఉదాహరణలుగా కనిపిస్తాయి కాబట్టి, ఏది అందుబాటులో ఉంటే దాన్ని తీసుకోవచ్చునన్న అభిప్రాయం కలుగుతుంది. ఆ అభిప్రాయంతో మొదలుపెట్టిన ప్రాజెక్టు సగంలో చిక్కుకుపోయే అవకాశం ఎక్కువ. క్యాప్సిడ్ ప్రోటీన్లు ప్యాకేజింగ్‌ను పలు విధాలుగా ప్రభావితం చేస్తాయి: గుల్ల పరిమాణాన్ని నిర్ణయించడం, లోపలికి చేరిన డీఎన్‌ఏ ఎంతో పసిగట్టి ఆపించడం, లోపలి ఒత్తిడిని తట్టుకొని నిలబెట్టడం, నింపే క్రమంలో తామే ఆకృతి మార్చుకోవడం. ఈ పనులన్నీ ఒకే వైరస్‌లో సమానంగా బయటపడవు. ఒకదానిలో కొట్టొచ్చినట్టు కనిపించే పాత్ర మరొకదానిలో దాదాపు మరుగున ఉంటుంది.

తోక ఉన్న ఫేజ్‌లలోనూ హెర్పిస్ కుటుంబంలోనూ పని జరిగే తీరు స్థూలంగా ఒకటే. వాటి ప్రధాన క్యాప్సిడ్ ప్రోటీన్ల మడత కూడా ఒకే మూలానిది. హెచ్‌కే97 అనే ఫేజ్‌లో మొదట స్పష్టంగా కనిపించినందువల్ల దానికి ఆ పేరే స్థిరపడింది. ముందుగా స్కాఫోల్డ్ ప్రోటీన్ ఆసరాతో ఖాళీ ప్రోక్యాప్సిడ్, అంటే ఇంకా ఎదగని గుల్ల, తయారవుతుంది. దాని పన్నెండు శీర్షాలలో ఒక్కచోట మాత్రం పన్నెండు ఉపభాగాల పోర్టల్ వలయం అమరి ఉంటుంది. టెర్మినేజ్ ఎంజైము ఆ వలయానికి అతుక్కొని, మోటారులా ఏటీపీని ఖర్చు చేస్తూ డీఎన్‌ఏను లోపలికి తోస్తుంది. స్కాఫోల్డ్ బయటకు వెళ్లిపోతుంది, లేదా ప్రోటియేజ్ చేత ముక్కలవుతుంది. చాలా వైరస్‌లలో గుల్ల ఉబ్బి, గోడ పలచబడి, కోణాలు తేలుతుంది. ఇందులో ఉన్న భౌతిక కష్టం అంకెలలో చూస్తేనే తెలుస్తుంది. లాంబ్డా జన్యువులో (అంటే దాని మొత్తం డీఎన్‌ఏలో) 48,502 బేస్ జతలుంటాయి; దాన్ని చాపితే సుమారు 16.5 మైక్రోమీటర్లు వస్తుంది. అంత పోగు చేరవలసింది దాదాపు 60 నానోమీటర్ల వ్యాసం ఉన్న గుల్లలోకి. ఋణావేశపు పోగులు ఒకదాన్నొకటి వికర్షించుకోవడం వల్లా, బిరుసైన డీఎన్‌ఏను బలవంతంగా వంచడం వల్లా గుల్ల లోపల పదుల వాతావరణాల పీడనం పుడుతుంది.

ఫై29: మోటారుకు సాటిలేనిది, క్యాప్సిడ్‌కు అంత కాదు

ఈ రంగంలో అందరికీ మొదట తెలిసే పేరు ఫై29. బాసిల్లస్ సబ్టిలిస్ మీద పెరిగే ఈ చిన్న ఫేజ్ జన్యువు 19.3 కిలోబేస్‌లు, తల సుమారు 54 నానోమీటర్ల పొడవు, 42 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. శుద్ధి చేసిన ప్రోహెడ్ (ఫేజ్ ప్రోక్యాప్సిడ్), జీపీ16 అనే ఏటీపీయేజ్, రెండు కొసలకూ జీపీ3 ప్రోటీన్ అతికి ఉన్న డీఎన్‌ఏ, ఏటీపీ ఇవి ఉంటే చాలు, పరీక్షనాళికలోనే ప్యాకేజింగ్ జరుగుతుంది. పోర్టల్ దగ్గర ఒక ఆర్‌ఎన్‌ఏ వలయం కూడా ఈ మోటారులో భాగమని 1987లో తేలింది. 2001లో లేజర్ కాంతితో సూక్ష్మకణాలను పట్టి లాగే ఆప్టికల్ ట్వీజర్స్‌తో ఒక్కొక్క ఫేజ్‌ను పట్టి కొలిచినప్పుడు ఈ మోటారు సగటున 57 పికోన్యూటన్ల ఎదురు బలం దాకా ఆగలేదని, ఆ లెక్కన పూర్తిగా నిండిన తలలో పీడనం 60 వాతావరణాల స్థాయిలో ఉంటుందని తేలింది. ఆ ప్రయోగం తరవాత మోటారు అంటే ఫై29 అన్నంతగా పేరు స్థిరపడిపోయింది.

కానీ మీ ప్రశ్న క్యాప్సిడ్ ప్రోటీన్ గురించి అయితే ఆ పేరు చూసి తొందరపడకపోవడం మంచిది. ఫై29 ప్రోహెడ్ నిండే క్రమంలో చెప్పుకోదగినంతగా ఉబ్బదు. గుల్ల పైన అతుక్కొని దాన్ని బిగించే ప్రోటీన్ ఏదీ ప్యాకేజింగ్‌కు తప్పనిసరి కాదు. జన్యువు రెండు కొసలూ జీపీ3తో ముందే ఖరారై ఉంటాయి కాబట్టి, ఎంత నిండిందో చూసి డీఎన్‌ఏను కోయవలసిన అవసరమే రాదు. పరిమాణం, కొలత, ఆకృతి మార్పు అనే మూడు పాత్రలూ ఇక్కడ దాదాపు కనిపించవు. మిగిలేది పట్టి ఉంచడం ఒక్కటే. అందులో మాత్రం ఒక అందమైన ఉదాహరణ ఉంది. పోర్టల్ ప్రోటీన్ జీపీ10 సొరంగంలోకి పొడుచుకొచ్చే లూపులను తొలగిస్తే మోటారు డీఎన్‌ఏను నింపగలుగుతుంది గానీ, నిండిన డీఎన్‌ఏ లోపల నిలవదు. మీ సంస్థలో ఆప్టికల్ ట్వీజర్స్ పరికరం, దాన్ని నడిపే భౌతికశాస్త్రవేత్త ఇద్దరూ ఉంటే ఫై29 తీసుకోండి. లేకపోతే దాని అసలు బలం మీకు అందదు.

లాంబ్డా: తక్కువ వనరులతో ఎక్కువ చెప్పేది

మామూలు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పని చేసేవారికి నా మొదటి సిఫారసు లాంబ్డా ఫేజ్. ఇ.కోలై కె-12 మీద పెరుగుతుంది, భద్రతా నిబంధనల చిక్కులు తక్కువ, అగరోజ్ జెల్ నడిపే ప్రతి చోటా హిండ్-3తో కోసిన లాంబ్డా మార్కర్ రూపంలో దాని డీఎన్‌ఏ ఫ్రీజర్‌లో ఉండనే ఉంటుంది. వీటికంటే ముఖ్యమైన కారణం గుల్ల పైన అతుక్కునే జీపీడి అనే అలంకార ప్రోటీన్.

లాంబ్డా గుల్ల గోడ జీపీఈ అనే ప్రధాన ప్రోటీన్‌తో కట్టినది. జన్యువులో సుమారు 30 శాతం లోపలికి చేరేసరికి గుల్ల ఉబ్బుతుంది. అలా ఉబ్బిన తరవాతే బయటి ఉపరితలం మీద మూడు ఉపభాగాలు కలిసే చోట్ల జీపీడి మూడేసి అణువుల గుంపులుగా వచ్చి అతుక్కుంటుంది. ఒక తల మీద సుమారు 420 జీపీడి అణువులు ఉంటాయి. ఇవి లేకపోతే ఏమవుతుందో 1977లోనే ప్రయోగాల ద్వారా తెలిసింది: పూర్తి జన్యువులో సుమారు 82 శాతం కంటే తక్కువ పొడవున్న డీఎన్‌ఏ అయితే జీపీడి లేకుండానే సజీవమైన ఫేజ్ తయారవుతుంది, అంతకు మించితే తయారు కాదు. అంటే 40 కిలోబేస్‌ల దరిదాపుల దాకా జీపీఈ గోడ తన బలంతో తాను నెట్టుకొస్తుంది, చివరి ఎనిమిది కిలోబేస్‌ల కోసమే జీపీడి కావాలి. ఒక క్యాప్సిడ్ ప్రోటీన్ ప్యాకేజింగ్‌లో ఏ దశలో, ఎంత మేరకు అవసరమో ఇంత సూటిగా చూపించే ఉదాహరణ నా దృష్టిలో మరొకటి లేదు.

దీన్ని పరీక్షించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. జన్యువు పొడవు వేర్వేరుగా ఉన్న లాంబ్డా రకాలను తీసుకొని, లైసేట్‌ను (ఫేజ్‌లు పగలగొట్టిన బ్యాక్టీరియా ద్రవాన్ని) ఈడీటీఏ ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల వద్ద ఉంచి, నిర్ణీత వ్యవధుల్లో కొద్ది కొద్దిగా తీసి, వెంటనే మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ద్రావణంలో పలుచన చేసి, ఆపై ప్లాక్‌లు (సజీవమైన ఫేజ్ బ్యాక్టీరియా పొరలో చేసే ఖాళీ మచ్చలు) లెక్కపెట్టడమే. మెగ్నీషియం అయాన్లు డీఎన్‌ఏ పోగుల ఋణావేశాన్ని కొంత కప్పి ఉంచుతాయి. ఈడీటీఏ వాటిని లాగేసుకుంటే వికర్షణ పెరిగి పీడనం ఎక్కువవుతుంది. పూర్తి పొడవు జన్యువున్న ఫేజ్‌ల సంఖ్య వేగంగా పడిపోతుంది, జన్యువులో కొంత భాగం పోయిన డిలీషన్ మ్యూటెంట్లు మాత్రం నిలబడతాయి. పూర్వం డిలీషన్ మ్యూటెంట్లను ఏరడానికే ఈ పద్ధతిని వాడేవారు. జీపీడి లేని పొట్టి జన్యువు ఫేజ్‌లను ఇదే పరీక్షకు పెడితే అవి ఈడీటీఏకు చాలా తేలికగా లొంగిపోతాయి; డీఎన్‌ఏ తక్కువగా ఉన్నా గోడకు బిగింపు లేకపోవడం ఎంత తేడా తెస్తుందో అక్కడ కనబడుతుంది. జీపీడిని తయారుచేసే డి జీన్‌లో ఆంబర్ మ్యూటేషన్ (ప్రోటీన్ తయారీని మధ్యలో ఆపే మార్పు) ఉన్న ఫేజ్‌ను, ఆ ఆపుదలను దాటించే సప్రెసర్ ఉన్న బ్యాక్టీరియాలో ఒకసారి, లేని దానిలో ఒకసారి పెంచితే రెండు రకాల తలలూ ఒకే జన్యువు నుంచి దొరుకుతాయి.

లాంబ్డాకు ఒక పరిమితి ఉంది. దాని టెర్మినేజ్ డీఎన్‌ఏను కోసేది కాస్ అనే నిర్దిష్ట స్థానం దగ్గర. రెండు కాస్ స్థానాల మధ్య దూరం సహజ జన్యువులో సుమారు 78 శాతం నుంచి 105 శాతం దాకా ఉన్నప్పుడే సజీవమైన ఫేజ్ వస్తుంది. అందువల్ల గుల్ల ఎంత పట్టగలదో పైకొస, కిందికొస తెలుస్తాయి గానీ, లోపల ఎంత చేరిందో గుల్ల ఎలా కొలుచుకుంటుందన్న ప్రశ్నకు లాంబ్డా తగినది కాదు.

కొలత గురించి అయితే పీ22

ఆ ప్రశ్నకు తగినది సాల్మొనెల్లా ఫేజ్ పీ22. దీని జన్యువు 41.7 కిలోబేస్‌లు, కానీ ఒక్కో తలలో చేరేది దాదాపు 43.4 కిలోబేస్‌లు. జన్యువులు ఒకదాని వెనక ఒకటిగా కలిసిపోయిన పొడవాటి కాంకాటమర్ మీద, ప్యాక్ స్థానం దగ్గర మొదటి కోత పడుతుంది. అక్కడి నుంచి తల నిండేదాకా నింపి, క్రమంతో సంబంధం లేకుండా రెండో కోత వేస్తుంది. తరవాతి తల ఆ కోత దగ్గరే మొదలవుతుంది. అంటే ఎప్పుడు కోయాలో చెప్పే సంకేతం డీఎన్‌ఏ క్రమంలో లేదు, తలలో ఉంది. ఆ సంకేతంలో పోర్టల్ ప్రోటీన్ జీపీ1 పాత్ర ఉందని 1992లో రుజువైంది: జీపీ1లో కొన్ని మార్పులు చేస్తే గుల్ల పరిమాణం మారకుండానే డీఎన్‌ఏ సుమారు 5 శాతం దాకా ఎక్కువగా, అంటే రెండు కిలోబేస్‌ల మేరకు అదనంగా లోపలికి చేరింది. బాసిల్లస్ ఫేజ్ ఎస్‌పీపీ1లో పోర్టల్ మార్పులు దీనికి వ్యతిరేక ఫలితాన్ని ఇచ్చాయి. అక్కడ తల తక్కువగా నిండింది. 2006లో పీ22 నిర్మాణాన్ని క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో చూసినప్పుడు పోర్టల్ చుట్టూ డీఎన్‌ఏ గట్టిగా చుట్టుకొని ఉండటం కనిపించింది. ఆ చుట్టు నొక్కుడు వల్లనే పోర్టల్ ఆకారం మారి, నిండిందన్న కబురు బయటి టెర్మినేజ్‌కు అందుతుందన్నది ఆ చిత్రం ఆధారంగా వచ్చిన ప్రతిపాదన.

పీ22 ఎంచుకునేవారు రెండు విషయాలు ముందే చూసుకోవాలి. ఆతిథేయి సాల్మొనెల్లా కాబట్టి రెండో స్థాయి జీవభద్రత, సంస్థాగత జీవభద్రతా సంఘం అనుమతి అవసరం. మ్యూటెంట్లు తయారు చేసే పని ఉంటే ఆ అనుమతికి పట్టే సమయాన్ని ప్రాజెక్టు కాలంలో ముందుగానే లెక్క వేసుకోవాలి. రెండోది, 43, 45 కిలోబేస్‌ల మధ్య తేడాను మామూలు అగరోజ్ జెల్ చూపించదు. పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ కావాలి, లేదంటే రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోసి, ప్యాక్ స్థానం నుంచి మొదలైన ముక్కలనూ చెదిరిన పట్టీలా కనిపించే చివరి ముక్కలనూ పోల్చి చూడాలి. తలకు ఎక్కువ డీఎన్‌ఏ చేరితే ఆ చెదిరిన పట్టీ స్థానం జరుగుతుంది. ఓపికగల పనే, అయినా చేయదగినదే.

టీ4: గుల్ల పెరిగితే డీఎన్‌ఏ పెరుగుతుంది

తల పరిమాణమే డీఎన్‌ఏ పొడవును నిర్ణయిస్తుందనడానికి నేరుగా కంటికి కనిపించే సాక్ష్యం టీ4 ఇచ్చింది. దాని జన్యువు సుమారు 169 కిలోబేస్‌లు. సాగిన ఆకారపు తలలో అంతకంటే కొంచెం ఎక్కువే పడుతుంది. ప్రధాన ప్రోటీన్ జీపీ23లో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చిన కొన్ని మ్యూటెంట్లలో పొట్టి తలలు, మరికొన్నింటిలో మామూలు దానికంటే ఎన్నో రెట్లు పొడవైన తలలు పుడతాయి. పొడవైన తలలో అనేక జన్యువుల పొడవు డీఎన్‌ఏ ఒకే పోగుగా నిండి ఉంటుంది. పొట్టి తలలో జన్యువులో మూడింట రెండు వంతుల పైచిలుకు మాత్రమే చేరుతుంది కాబట్టి అలాంటి ఫేజ్ ఒంటరిగా కణంలోకి వెళ్తే సంతానం రాదు. రెండు మూడు కలిసి ఒకే కణాన్ని సోకితే, ఒకదానిలో లేని జీన్‌లు మరొకదానిలో ఉండి పని జరుగుతుంది. మోటారు మారలేదు, డీఎన్‌ఏ మారలేదు, గోడ కట్టే ప్రోటీన్‌లో చిన్న మార్పు వచ్చిందంతే.

మోటారు వైపు నుంచి చూసినా టీ4 గట్టిదే. సెకనుకు 2,000 బేస్ జతల దాకా వేగం నమోదైంది. ఈ యంత్రం మీద దశాబ్దాలుగా పని చేస్తున్న ప్రయోగశాలలలో వాషింగ్టన్‌లోని క్యాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో వెనిగళ్ల రావు నడిపేది ముఖ్యమైనది. ఆ ఇంటిపేరు తెలుగువారికి వేరే పరిచయం చేయనక్కర్లేదు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంతో కలిసి ఆ బృందం 2008లో జీపీ17 మోటారు నిర్మాణాన్ని ప్రచురించింది. తరవాత, డీఎన్‌ఏ ఖాళీ చేసిన పూర్తి ఎదిగిన తలల్లోకి కూడా ఈ మోటారు మళ్లీ డీఎన్‌ఏను నింపగలదని చూపించింది. ప్రోక్యాప్సిడ్ మాత్రమే డీఎన్‌ఏను స్వీకరిస్తుందన్న పాత అభిప్రాయాన్ని ఈ ఫలితం సడలించింది.

ఇబ్బంది ఎక్కడంటే, టీ4 డీఎన్‌ఏలో సైటోసిన్ బదులు గ్లూకోజ్ అతికిన హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్ ఉండటం వల్ల మామూలు రెస్ట్రిక్షన్ ఎంజైములలో చాలావరకు దాన్ని కోయలేవు. జెల్ మీద ముక్కలు చూసి తేల్చుకుందామనుకునేవారికి ఇది పెద్ద అడ్డంకి. మరొక హెచ్చరిక: టీ4 గుల్ల పైన కూడా సాక్, హాక్ అనే అలంకార ప్రోటీన్లు ఉంటాయి. పేరు ఒకటే కదా అని వాటిని జీపీడితో సమానంగా చూడకూడదు. అవి లేకున్నా టీ4 చక్కగా నిండుతుంది, పెరుగుతుంది. సాక్ లేని తల క్షార ద్రావణంలాంటి కఠిన పరిస్థితుల్లో మాత్రం బలహీనపడుతుంది.

హెర్పిస్, ఏఏవీ: వైద్యం వైపు చూసేవారికి

మందుల వైపు ఆసక్తి ఉన్నవారికి హెర్పిస్ కుటుంబం సహజమైన ఎంపిక. హెర్పిస్ సింప్లెక్స్-1 జన్యువు 152 కిలోబేస్‌లు, మానవ సైటోమెగలోవైరస్ జన్యువు సుమారు 235 కిలోబేస్‌లు. ఇంత తేడా ఉన్నా రెండో దాని గుల్ల మొదటి దానికంటే కొద్దిగానే పెద్దది, అంటే లోపల డీఎన్‌ఏ చాలా ఇరుగ్గా ఉంటుంది. ఈ రెండింటి గుల్లల పైనా అతుక్కునే చిన్న క్యాప్సిడ్ ప్రోటీన్ ఒకటుంది. హెర్పిస్ సింప్లెక్స్‌లో వీపీ26 అనే ఆ ప్రోటీన్ లేకపోయినా కణవర్ధనంలో వైరస్ పెరుగుతుంది. సైటోమెగలోవైరస్‌లో దాని సాటి ప్రోటీన్ లేకపోతే పెరగదు. లాంబ్డాలో 82 శాతం దగ్గర చూసిన గీత ఇక్కడ రెండు వైరస్‌ల మధ్య గీసినట్టుగా ఉందని నాకనిపిస్తుంది. అయితే ఇది పోలిక మీద ఆధారపడిన ఊహే తప్ప నిరూపితమైన సంగతిగా తీసుకోకూడదు. సైటోమెగలోవైరస్ టెర్మినేజ్‌ను అడ్డుకునే లెటర్మోవిర్‌కు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది కాబట్టి, ప్యాకేజింగ్‌ను ఆపడం మందుగా పనికొస్తుందన్న దానిలో సందేహం లేదు. కణవర్ధన సదుపాయం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, కనీసం మూడేళ్ల సమయం లేనివారు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు.

జన్యుచికిత్సలో వాడే ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) పూర్తిగా వేరే దారి. అరవై ఉపభాగాల చిన్న గుల్ల ముందే తయారై ఉంటుంది. ఒంటిపోగు డీఎన్‌ఏ ఐదుమడతల సౌష్ఠవ అక్షం దగ్గరి రంధ్రం గుండా రెప్ ప్రోటీన్ల సాయంతో లోపలికి వెళ్తుంది. సహజ జన్యువు 4.7 కిలోబేస్‌లు, 5 కిలోబేస్‌లు దాటిన డీఎన్‌ఏ ఇస్తే అది లోపలికి పూర్తిగా చేరక ముక్కగా తెగిపోతుంది. కండరాల ప్రోటీన్ డిస్ట్రోఫిన్‌కు ఉన్న 11 కిలోబేస్‌ల కోడింగ్ క్రమానికి బదులు కుదించిన మైక్రోడిస్ట్రోఫిన్‌ను వాడవలసి రావడానికి కారణం ఇదే. మీ లక్ష్యం వెక్టర్ తయారీ అయితే ఏఏవీ మీదే పని చేయండి, ఫేజ్ పోర్టల్ ఫలితాలను దానికి అన్వయించే ప్రయత్నం మాత్రం వద్దు.

ఏది ఎంచుకున్నా తప్పని ఒక జాగ్రత్త

క్యాప్సిడ్ మ్యూటెంట్‌లో డీఎన్‌ఏ లేని గుల్లలు కనిపిస్తే, అది లోపలికి వెళ్లలేదా, వెళ్లి బయటికొచ్చేసిందా అన్నది ముందు తేల్చాలి. అందరూ మొదట చేసే డీఎన్‌ఏస్ రక్షణ పరీక్ష ఈ రెండింటినీ వేరు చేయదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ గుల్ల బయట ఉన్న డీఎన్‌ఏను ఎంజైము తినేస్తుంది. తేడా చూపించేది కోత. కాంకాటమర్ మీద చివరి కోత పడాలంటే నింపడం ముగింపు దాకా వెళ్లి ఉండాలి. హెర్పిస్ సింప్లెక్స్‌లో యూఎల్25 అనే గుల్ల ప్రోటీన్ లేనప్పుడు కణంలో కోసిన జన్యువు కొసలు కనిపిస్తాయి, కానీ గుల్లలో మాత్రం పూర్తి జన్యువు నిలవదు. ఫై29 పోర్టల్ లూపుల విషయంలోనూ లోపం నింపడంలో కాక నిలుపుకోవడంలోనే ఉంది. కాబట్టి సోకిన కణాల మొత్తం డీఎన్‌ఏను తీసి, లాంబ్డా అయితే కాస్ కొసల ముక్కలను, పీ22 అయితే రెండో కోత వల్ల వచ్చే చెదిరిన చివరి ముక్కలను సదరన్ బ్లాట్‌తో వెతకాలి. కోత కనిపించి, రక్షిత డీఎన్‌ఏ కనిపించకపోతే గోడనో పోర్టల్‌నో అనుమానించాలి. రెండూ కనిపించకపోతే, ప్రోక్యాప్సిడ్‌లో పోర్టల్ వలయం అసలు చేరిందో లేదో ప్రోటీన్ జెల్ మీద చూసిన తరవాతే టెర్మినేజ్ మీద వేలు చూపాలి.